విత్తనం మనది, పంట ఇంగొకరిది

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక కాగితం మీద సంతకం పెట్టినాడు. ఆ దేశం బయట నుంచి కొత్తగా హెచ్-1బీ వీసాకు దరఖాస్తు పెట్టాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలంట. మన లెక్కలో దాదాపు 88 లక్షలు. సంతకం పడింది వాషింగ్టన్‌లో, దడ పుట్టింది మన పీలేరులో, పుత్తూరులో, పలమనేరులో. కొడుకునో కూతురినో ఎమ్మెస్ చదివించడానికి బ్యాంకులో లోను తీసి, అది చాలక మామిడి తోపు కుదవ పెట్టినోళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తిరుపతిలో కన్సల్టెన్సీల బోర్డులు మాత్రం ఎప్పటి మాదిరే వెలుగుతానే ఉండాయి. అమెరికా కాకుంటే జర్మనీ, జర్మనీ కాకుంటే ఐర్లాండ్. వాళ్లకేం, అంగడి ఏ సరుకుతోనైనా నడస్తాది.

ఆ వారమంతా ఫోన్లలో రెండు రకాల మాటలు తిరిగినాయి. ఒకటి: "మంచిదే అయింది, ఇంగ మన తెలివి మన దేశానికే పనికొస్తాది." రెండోది: "మన పిలకాయల బతుకు తెల్లారిపోయింది." మొదటి మాట చెప్పినోళ్లను నేను ఒకటే అడగతా. వాళ్లు వాపసు వస్తే యాడ కూచుంటారు? ఏ ల్యాబులో, ఏ ఆస్పత్రిలో, ఏ కాలేజీలో? రెండో మాట చెప్పినోళ్లనూ ఒకటి అడగతా. మన పిలకాయల బతుకు ఇంగొక దేశం అధ్యక్షుడి పెన్ను కొసన వేలాడేదాకా ఎందుకొచ్చింది?

దీనికి పత్రికల్లో పెట్టిన పేరు మేధో వలస. ఆ మాట పుట్టింది మన మాదిరి బీద దేశంలో కూడా కాదు. 1963లో లండన్‌లోని రాయల్ సొసైటీ, బ్రిటన్ శాస్త్రవేత్తలు అమెరికాకు, కెనడాకు పోతా ఉండారని ఒక నివేదిక రాసింది. ఆడి పత్రికలు దానికి "బ్రెయిన్ డ్రెయిన్" అని పేరు పెట్టినాయి. మన దేశ సొమ్మును కాలువ తవ్వి తోడుకొని పోతాండారని దాదాభాయ్ నౌరోజీ ఏ బ్రిటన్ మీద లెక్కలు కట్టినాడో, ఆ బ్రిటనే వందేళ్లు కూడా తిరక్కముందే మా బుర్రల్ని అమెరికా తోడేస్తా ఉండాదని లబలబలాడింది. రెండేళ్లకు, 1965లో, అమెరికా తన వలస చట్టం మార్చి ఆసియా వాళ్లకు తలుపు తెరిచింది. డాక్టర్లకు, ఇంజనీర్లకు పెద్ద పీట. తలుపు దయతో తెరవలేదు, అవసరంతో తెరిచినారు. అవసరం తీరితే మూసేదీ వాళ్లే.

ఆ తలుపు తెరిచిన కాలానికి మన పక్క ఏం జరగతా ఉండాదో చూడండి. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టినారు. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ, ఆ తర్వాత రుయా ఆస్పత్రి. అంతకు ముందే 1945లో టీటీడీ ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ తెరిచింది, 1952లో ఆడబిడ్డలకు పద్మావతి కాలేజీ. ఇవన్నీ ఎవరి దుడ్డు? సర్కారు పన్ను, హుండీ కానుక. కొండకు నడిచిపొయ్యి తలనీలాలు ఇచ్చి, కొంగున ముడేసిన రూపాయి హుండీలో వేసిన ఆడమనిషి దుడ్డు అది. ఆ మనిషి కాన్పుకు వాళ్ల మండలంలో ఈ పొద్దుకీ గైనకాలజిస్టు ఉండదు. ఆమె రూపాయితో నడిచిన చదువు ఈ పొద్దు యాడో టెక్సాస్‌లో, బర్మింగ్‌హామ్‌లో కాన్పులు చేస్తా ఉండాది. నేను డాక్టర్లను తిట్టడానికి చెప్పలా. లెక్క లెక్కగా చెప్తాండా.

అరగొండ తెలుసు గదా. చిత్తూరుకు దగ్గిర తవణంపల్లి మండలం. ఆ ఊరి మనిషి ప్రతాప్ సి. రెడ్డి మద్రాసులో స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా పొయ్యి గుండె వైద్యం నేర్చి, 1970ల్లో వాపసు వచ్చినాడు. 1983లో అపోలో ఆస్పత్రి తెరిచినాడు. యాడ? మద్రాసులో. తప్పు పట్టేదేం లేదు, ఆ కాలానికి అప్పిచ్చే బ్యాంకూ, ఫీజు కట్టగలిగే రోగీ మద్రాసులోనే ఉండారు. ఆయన అరగొండనూ మర్చిపోలేదు. ఊర్లో ఆస్పత్రి కట్టించినాడు, 2000లో దేశంలోనే మొదటి టెలిమెడిసిన్ కేంద్రాల్లో ఒకటి అరగొండలో పెట్టినారు. అప్పుడు మన దేశం వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేత దాన్ని ప్రారంభింపజేసినారు. పేపర్లన్నీ రాసినాయి. పల్లెలోని రోగి తెర మీద పట్నం డాక్టరును చూస్తాడు అని.

ఆ తెరను చానామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది మన బతుకు బొమ్మ మాదిరి అనిపిస్తాది. డాక్టరు బొమ్మ ఊరికొచ్చింది, డాక్టరు రాలేదు. పోయినోడు తిరిగొచ్చినా పుట్టిన ఊరికి రాడు, పెట్టుబడి ఉండే ఊరికి వస్తాడు. అందుకే మేధో వలస అంటే విమానం ఒకటే కాదు. తవణంపల్లి నుంచి చిత్తూరుకు, చిత్తూరు నుంచి చెన్నైకి, చెన్నై నుంచి అమెరికాకు, మెట్టు మెట్టుకూ తోడకం ఉంటాది. కడాన పల్లెకు మిగిలేది ఆరెంపీ డాక్టరు.

చిత్తూరు మనిషికి పెద్ద జబ్బు చేస్తే ఇప్పుడు యాడికి పోతాడు? వేలూరు. సీఎంసీ. ఇందులో ఒక చరిత్ర ఉండాది, పిలకాయలకు ఎవురూ చెప్పరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం, వేలూరు మన కింద ఉండేది. నూరేళ్లలో తిరగబడింది. ఎట్ల? 1900లో ఐడా స్కడర్ అనే అమెరికా ఆడమనిషి ఆడ ఒంటి మంచంతో ఆస్పత్రి మొదలుపెట్టింది, అదే పెరిగి మెడికల్ కాలేజీ అయింది. ఆడ మిషన్ తరఫున సీటు వచ్చిన పిలకాయ చదువు అయినంక రెండేళ్లు ఆ మిషన్ చెప్పిన మారుమూల ఆస్పత్రిలో పని చెయ్యాల. ఒట్టి కాగితం మీద బాండు కాదు. ఆ మారుమూలలో పెద్ద డాక్టరు ఒకరుంటారు, ఆపరేషన్ గది ఉంటాది, ఉండేదానికి ఇల్లుంటాది. పొయ్యేవాళ్లు ఆ తర్వాత పోతారు, సీఎంసీ వాళ్లూ విదేశాల్లో దండిగా ఉండారు. కానీ పొయ్యేలోపల ఏదో ఒక పల్లె రెండేళ్లు బతికింది.

మన మదనపల్లెలోనూ అట్లాంటిది జరిగింది. 1915లో ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి తెరిచినారు. దాన్ని నడిపినాయన ఫ్రిమాట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే. ఈ పొద్దు మీ చేతి మీదుండే మచ్చకు మూలం మన పడమటి మండలాల్లో ఉండాదబ్బా. డెన్మార్క్ బుర్ర మదనపల్లెకు వచ్చిందంటే, ఆడ చెయ్యడానికి పని, పని చెయ్యడానికి తావు ఉండింది కాబట్టి. బుర్ర నీళ్ల మాదిరి. పల్లానికి పోతాది అంటారు గదా, నేనంటా, కట్ట ఉండేకాడ నిలుస్తాది.

మరి మన సర్కారు కట్ట ఎట్ల ఉండాది? దేశం మొత్తం మీద పల్లె ప్రాంతాల సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో కావాల్సిన స్పెషలిస్టుల్లో నూటికి 80 వరకు కొరత ఉండాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 లెక్కల్లోనే చెప్పింది. సర్జను, పిల్లల డాక్టరు, గైనకాలజిస్టు, జనరల్ ఫిజిషియన్, ఈ నలుగురూ ఉండాల్సిన తావు అది. "డాక్టర్లకు పల్లె అంటే చేదు" అని మనోళ్లు గమ్మున ఒక మాట అనేస్తారు. నేను పీహెచ్‌సీల చుట్టూ తిరిగినప్పుడు చిన్న డాక్టర్లను అడిగినా. జీతం మాట రెండోదో మూడోదో. మొదట చెప్పేది: "అన్నా, నేను నేర్చుకున్న పని ఈడ చెయ్యలేను. మత్తు డాక్టరు లేకుండా సర్జను ఏం చేస్తాడు? రక్తం నిల్వ లేకుండా కాన్పు ఎట్ల చేస్తాం? ఏదన్నా జరిగితే ఊరంతా నా మీద పడతారు, పైవాడు నాకే మెమో ఇస్తాడు." అంటే ఆ బిడ్డ పల్లెను వదిలి పోలా. పల్లెలో తన విద్య చచ్చిపోతా ఉంటే విద్యను కాపాడుకోడానికి పోతా ఉండాది.

ఇంగొకటి. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంటు సీటుకు, ఆపైన పీజీ సీటుకు కోట్లలో పెట్టినోడు అరగొండలో కూచుంటే వడ్డీ కూడా రాదు. సీటు ధర పెట్టినప్పుడే వాడి ఊరు యాడో రాసిపెట్టేసినారు. వైద్య విద్యను అమ్మకానికి పెట్టి, డాక్టరును సేవ చెయ్యమంటే ఎట్లబ్బా?

నర్సుల సంగతి ఇంగా ఘోరం, ఎవురూ రాయరు. కాంట్రాక్టు జీతం, రాత్రి డ్యూటీ, ఒక్కరే ముప్పై నలభై మంచాలు చూసుకోవాల. మన రాష్ట్రంలో సర్కారు సంస్థలే వాళ్లకు జర్మన్ భాష నేర్పించి ఆ దేశం పంపిస్తా ఉండాయి, దాన్నొక ఘనతగా చెప్పుకుంటా ఉండాయి. ఆ బిడ్డలు పోవాల, బాగుపడాల. పోయినోళ్ల తావులో రుయా వార్డులో ఎవరుంటారు అని మాత్రం అడగాల గదా. తమ దేశంలోనే సిబ్బంది కొరత ఉండే బీద దేశాల నుంచి నర్సుల్ని, డాక్టర్లను లాక్కోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే ఒక నియమావళి పెట్టింది. అది చట్టం కాదు, హితవు. హితవుతో ఎవురన్నా ఆగినారా?

ఇంగ చదువు చెప్పేవాళ్ల కాడికి వద్దాం. మన ముఖ్యమంత్రి చంద్రబాబు చదివింది ఎస్వీయూలోనే, ఎమ్మే ఎకనామిక్స్. నారావారిపల్లె నుంచి యూనివర్సిటీకి రానూ పోనూ పొద్దు చాలే దూరం. ఆ కాలంలో పల్లె నుంచి బస్సెక్కి వచ్చినోడికి యూనివర్సిటీలో పర్మనెంటు ప్రొఫెసర్లు, లైబ్రరీ, హాస్టలు ఉండినాయి. ఇప్పుడు అదే బిల్డింగుల్లో చానా క్లాసులు అకడెమిక్ కన్సల్టెంట్లు చెప్తాండారు. పేరు చూస్తే పెద్ద కంపెనీ ఆఫీసరు మాదిరి ఉంటాది, నిజానికి పీహెచ్‌డీ చేసినాక కూడా ఏటేటా రెన్యూవల్ కోసం చేతులు కట్టుకొని నిలబడే కూలి. 2023 చివర్లో రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో 3,220 బోధనా పోస్టులు నింపుతామని నోటిఫికేషన్లు ఇచ్చినారు. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చిన కబురు. అది కోర్టు కేసుల్లో చిక్కుకుంది, సర్కారు మారింది, అర్జీ పెట్టినోళ్లు ఫీజు కట్టి ఎదురుచూస్తా మిగిలినారు.

నాకు తెలిసిన ఒకాయన ఉండాడు, పేరొద్దు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. పన్నెండేళ్లు కన్సల్టెంటుగా చెప్పినాడు. నలభై రెండేళ్లకు ఒమన్‌లో ఒక కాలేజీకి పొయ్యినాడు. పొయ్యే ముందు నాతో అన్న మాట: "అన్నా, నేను ఈడి నుంచి పోలా. ఈడ నన్ను ఎప్పుడూ చేర్చుకోనే లేదు గదా." ఆయన క్లాసులో కూచున్న పిలకాయలు ఏమైనారో ఆలోచించండి. ఒక మంచి అయ్యవారు పోతే పోయింది ఒక బుర్ర కాదు. ఆయన చేతిలో తయారు కావాల్సిన నూరు బుర్రలు. డాక్టరు పోతే రోగికి ఆ పొద్దే తెలుస్తాది. అయ్యవారు పోతే ఊరికి పదేళ్ల తర్వాత తెలుస్తాది, అప్పటికి ఎందుకు పాడైందో ఎవురికీ గుర్తుండదు.

మన చుట్టుపక్కల సంస్థలు లేవా అంటే దండిగా ఉండాయి. 2015లో తిరుపతికి ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది. గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం ఉండాది, ఆకాశంలోని గాలుల్ని కొలిచే పెద్ద రాడార్ ఆడ 1990ల నుంచి పని చేస్తా ఉండాది. 2022లో జిల్లాలు విడగొట్టినాక శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. రాకెట్టు మన జిల్లా నుంచే ఎగరతాది. గాదంకి రోడ్డులో బస్సులో పొయ్యే ఇంటర్ పిలకాయను అడగండి, ఆ కంచె లోపల ఏముందిరా అని. "ఏదో సెంట్రల్ గవర్నమెంటుదన్నా" అంటాడు. చంద్రగిరి మండలం, పాకాల మండలం హైస్కూల్ల నుంచి ఏడాదికి ఎంతమందిని ఆ కంచె లోపలికి తీసకపొయ్యి చూపిస్తాండారు? సంస్థ మన భూమిలో ఉంటే సరిపోదు, దాని తలుపు మన బడి పక్క తిరిగుండాల.

సేద్యం మాట లేకుండా ఈ లెక్క తేలదు. మీ నాయన మిమ్మల్ని ఎందుకు పంపించినాడు? అమెరికా మీద ప్రేమతోనా? 2025 జూన్‌లో తోతాపురి మామిడి ఏమైందో మీరందరూ చూసినారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడినాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు అని చెప్పినారు, ఆ ఎనిమిది కూడా ఇయ్యని ఫ్యాక్టరీలు ఉండాయని రైతులు రోడ్డెక్కినారు. మదనపల్లె మండీలో టమోటా ఒక నెల బంగారం, ఇంగొక నెల రోడ్డు పాలు. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు తవ్వినా బోరులో దుమ్ము. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. చిత్తూరు చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ మూతపడినాయి. ఇవన్నీ ఒట్టి ఫ్యాక్టరీలు కాదు. డెయిరీలో పశువుల డాక్టరు, ల్యాబు కెమిస్టు, లెక్కల మనిషి, మెకానిక్కు ఉండేవాళ్లు. చదువుకున్నోడు సొంత జిల్లాలో, సొంత ఇంటి నుంచి పొయ్యి చేసుకొనే ఉద్యోగాలు అవి. ఒక డెయిరీ మూతపడితే పాలు పోసే రైతు గురించి రాస్తాం, రాయాల్సిందే. ఆ డెయిరీలో కెమిస్టు కాబోయిన పిలకాయ హైదరాబాదు బస్సెక్కిన సంగతి ఎవురూ రాయలా.

ఊరు వదలకుండానే పొయ్యే వలస కూడా ఒకటి ఉండాది. తిరుపతిలో వ్యవసాయ కాలేజీ 1961 నుంచి ఉండాది. అగ్రికల్చర్ బీఎస్సీ చదివినోళ్లలో చానామంది బ్యాంకు పరీక్ష రాసి బ్యాంకులో కూచుంటారు. నేల పరీక్ష నేర్చినోడు లోను కాగితాలు పరీక్ష చేస్తాంటాడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా పోస్టులు పడినప్పుడు బీటెక్కులు, ఎంటెక్కులు బారులు కట్టినారు. ఆ ఉద్యోగం చిన్నది అనలా. సర్వర్ డౌన్ అయిందని ముసలోళ్లకు చెప్పడానికి ఎంటెక్ ఎందుకయ్యా అంటాండా. పోయిన బుర్ర ఎవరో ఒకరికి పనికొస్తా ఉండాది. మిగిలిన బుర్ర తుప్పు పడతా ఉండాది. రెండింటిలో ఏది పెద్ద నష్టమో నాకైతే రెండోదే అనిపిస్తాది.

పోయినోళ్లు దుడ్డు పంపిస్తారు గదా అంటారు. నిజమే. 2024లో మన దేశానికి బయట నుంచి వచ్చిన సొమ్ము 129 బిలియన్ డాలర్లు, ప్రపంచంలో మనమే మొదలు. దాంట్లో మనకెంత? రిజర్వు బ్యాంకు 2023-24కు చేసిన సర్వేలో కేరళ వాటా నూటికి 19.7, తెలంగాణ 8.1, ఆంధ్ర 4.4. ఇంతమంది పోయినాము గదా, ఇంతేనా అని నేను ఆగి చూసినా. నా అంచనా ఏమంటే, మనోడు అమెరికాలో సంపాదించి దుడ్డు పంపేది హైదరాబాదులో ఫ్లాటుకు, పీలేరులో ఇంటికి కాదు. కువైట్ పోయినోళ్లే నయం. రాయచోటి, మదనపల్లె, పీలేరు పక్క నుంచి ఇంటి పనికి, డ్రైవరు పనికి పోయిన అక్కలు, అన్నలు నెల తిరిగేసరికి ఊరికే పంపిస్తారు. ఆడ అరబ్బోడి ఇంట్లో పద్దెనిమిది గంటలు చాకిరి చేసి పంపిన దినార్లతో ఊర్లో చెల్లెలి పెండ్లి, తమ్ముడి బీటెక్. ఆ తమ్ముడు అమెరికా పోతాడు. వాడు పంపిన డాలరు గచ్చిబౌలిలో దిగతాది. అక్క కాయకష్టం తమ్ముడి మేధస్సు అయ్యి, ఆ మేధస్సు ఇంగొక ఊరికి పంట అయింది.

హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. 1998లో సైబర్ టవర్స్ కట్టించింది మన జిల్లా మనిషే. అప్పుడు ఒకటే రాష్ట్రం కాబట్టి మనోళ్లెవురూ అడగలా, తిరుపతిలో ఒకటి కట్టవేమని. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. పదహారేళ్లు మన సీమ పిలకాయలు చెమటోడ్చి పెంచిన నగరం ఇంగొక రాష్ట్రం రాజధాని అయింది. ఇప్పుడు అమరావతి, విశాఖ అంటాండారు. అన్నీ ఒకేచోట పోగేసే బుద్ధి మారలా, ఊరి పేరు మారింది. కుప్పం వాళ్లకు ఆ పేర్లూ పట్టవు, వాళ్లకు బెంగళూరు రైలే గతి. తెల్లారుజామున క్యారియరు పట్టుకొని రైలెక్కితే రాత్రికి ఇల్లు.

ఇంత చెప్పినంక కూడా ఒక మాట గట్టిగా చెప్పాల. పొయ్యేవాళ్లను ద్రోహులు అనేవాళ్లతో నాకు పొసగదు. మన ఊర్ల నుంచి మొదట పోయినోళ్లెవరు? 1970ల్లో పొలం, కులం, ఇంగ్లీషు ఉండినోళ్లు. అప్పుడు దాన్ని గొప్ప అన్నారు, సన్మానం చేసినారు, శాలువాలు కప్పినారు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటుతో మాలపల్లె, మాదిగపల్లె బిడ్డలు, చాకలి, మంగలి, యానాది ఇండ్ల బిడ్డలు ఇంజనీరింగు చదివి బయటికి పొయ్యేటప్పటికి "ఊరు ఖాళీ అవతాది, పనికి మనిషి దొరకలా" అని ఏడస్తాండారు. ఆ బిడ్డకు ఊరంటే మీరనుకునే ఊరు కాదు. టీ అంగట్లో వేరే గ్లాసు పెట్టిన ఊరు అది. సత్యవేడు పక్క నుంచి బెంగళూరు పోయిన ఒక చెల్లెలు నాతో అనింది, "ఈడ నన్ను ఎవురూ ఎవరి కూతురివి అని అడగరన్నా, ఏం పని చేస్తావు అని అడగతారు" అని. ఆ చెల్లిని ఊరికి వాపసు రా అనేముందు ఊరు మారాల. పోవడం ఒక హక్కు. నేను అడిగేది ఉండేదానికి కూడా హక్కు కావాలని. పొయ్యేదానికే దారి ఉండి, ఉండేదానికి దారి లేకుంటే అది ఎంపిక కాదు, తోలేయడం.

వాపసు వచ్చినోళ్లు లేరా? 1985 నాటి రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ఏడు మన పేటమిట్ట మనిషి గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజనీరు పని వదిలేసి వచ్చి, తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా పెట్టినాడు. సరిగ్గా ఆ ఏడే మోరిస్ చాంగ్ అనే ఇంజనీరు అమెరికా వదిలి తైవాన్ పోయినాడు, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్పుల కంపెనీ మొదలుపెట్టినాడు. ఈ పొద్దు ప్రపంచం మొత్తం ఆ కంపెనీ చిప్పుల మీద నడస్తా ఉండాది, మీ చేతిలో ఫోనుతో సహా. కరకంబాడీ చిన్నదేం కాదు, వేలమందికి కూడు పెట్టింది, బ్యాటరీ అంటే మన జిల్లా పేరు చెప్తారు. కానీ తేడా యాడొచ్చింది? మనిషి తెలివిలో కాదు. తైవాన్ సర్కారు ముందే పరిశోధన సంస్థ కట్టి పెట్టింది, 1980లోనే సించూలో సైన్సు పార్కు కట్టింది, చాంగ్‌ను పిలిచింది, ఆ కంపెనీలో దాదాపు సగం పెట్టుబడి తానే పెట్టింది. ఒకడు వచ్చినంక వాడి వెనక వేలమంది తైవాన్ ఇంజనీర్లు అమెరికా నుంచి తిరిగొచ్చినారు, కూచునే తావు ఉండింది కాబట్టి. మన పక్క వచ్చినోడు సొంత పూచీ మీద వచ్చినాడు, ఒంటిగా వచ్చినాడు. 2022 డిసెంబరులో అదే అమరరాజా కొత్త బ్యాటరీల ఫ్యాక్టరీకి 9,500 కోట్లు పెడతామని తెలంగాణలో మహబూబ్‌నగర్‌కు పొయ్యి ఒప్పందం రాసుకుంది. ఎవరి తప్పని రాజకీయ పార్టీలు తిట్టుకున్నాయి, ఆ తిట్లు నాకొద్దు. పోయింది మన పిలకాయలు చెయ్యాల్సిన కొత్త రకం బ్యాటరీ పరిశోధన పని. బుర్రే కాదు, బుర్రకు పనిచ్చే ఫ్యాక్టరీ కూడా వలస పోతాది.

శ్రీసిటీ ఉండాది గదా అంటారు. ఉండాది, మంచిదే. మన ఆడబిడ్డలు ఆడ ఫోన్లు బిగిస్తాండారు, బస్సులో యూనిఫారంతో పోతా ఉంటే చూడడానికి నాకూ బాగుంటాది. అయితే ఆ ఫోను గీసింది, దాని లోపలి లెక్క రాసింది ఆడ కాదు. బిగించే పని మనకు, గీసే పని ఇంగొకరికి. మన బీటెక్ పిలకాయ బిగించే పనికి ఎక్కువ చదివినాడు, గీసే పనికి పిలిచేవాడు ఈడ లేడు. మధ్యలో వాడు బెంగళూరులో ఫుడ్ డెలివరీ చేస్తాంటాడు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఏం జరిగింది? సాఫ్ట్‌వేర్ పిలకాయలంతా ఊర్లకొచ్చి పడినారు. చింతచెట్టు కింద, మిద్దె మీద, యాడ సిగ్నల్ దొరికితే ఆడ కూచొని అమెరికా కంపెనీల పని చేసినారు. పని ఏమాత్రం ఆగలా. ఆ రెండేళ్లు ఊర్లో అంగళ్లు నడిచినాయి, సర్కారు బడి పిలకాయలకు సాయంత్రం లెక్కలు చెప్పినోళ్లను నేను చూసినా, ముసిలోళ్లను ఆస్పత్రికి తీసకపొయ్యేదానికి మనిషి దొరికినాడు. ఏ సర్కారన్నా అప్పుడు మండలానికి ఒక మంచి ఆఫీసు గది, ఆగని కరెంటు, గట్టి ఇంటర్నెట్టు ఇచ్చి "ఉండండి నాయనా" అనిందా? కంపెనీ రమ్మంటే వాళ్లు పెట్టె సర్దుకొని పోయినారు. ఇప్పుడు మా పక్క పల్లెల్లో చాలా ఇండ్లలో అమ్మ, నాయన, సీసీ కెమెరా. కెమెరాలో కొడుకు డల్లాస్ నుంచి చూస్తాంటాడు, నాయన పడిపోతే పక్కింటోడికి ఫోన్ చేస్తాడు. ఆ పక్కింటోడికీ డెబ్బై ఏండ్లు.

ఇంగ మీరేం చెయ్యాల అని అడగతారు. పోవద్దని చెప్పను, పోండని చెప్పను. పొయ్యే లోపల ఒక పని చేసి పోండి, ఉండేవాళ్లయితే మరీ చెయ్యండి. మీ మండలంలో పీహెచ్‌సీ, సామాజిక ఆరోగ్య కేంద్రం, పశువుల ఆస్పత్రి, జూనియర్ కాలేజీ, వీటిల్లో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎప్పటి నుంచి ఖాళీ, కాంట్రాక్టు మీద ఉండేవాళ్లెందరు అని సమాచార హక్కు కింద అడగండి. కంప్యూటర్ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఒక్కరు కాదు, ఊరికి ఇద్దరు అడగండి. వచ్చిన జవాబు తీసుకొని సోమవారం కలెక్టరాఫీసులో జరిగే అర్జీల దినానికి పొండి, ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టండి. ఎన్నికలప్పుడు ఓట్లడిగేవాడు వచ్చినప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాల. మండల ఆఫీసులో దరఖాస్తు ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు, పంచాయతీలో అయితే అదీ లేదు. 30 రోజుల లోపల జవాబు ఇయ్యాల, ఇయ్యకుంటే పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు.